పంట మార్చారు సరే, కుటుంబం మారిందా?



పై వీడియోలో బల్ల మీద పరిచి చూపించిన కొమ్మలన్నీ ఒక్క ఎకరం పొలంలోంచీ, దాని గట్ల మీద నుంచీ కోసుకొచ్చినవే. ఏ మొక్క ఏ కుటుంబానిదో ఎలా గుర్తుపట్టాలో అందులో చూపించాను. అసలు ఎందుకు గుర్తుపట్టాలి అనేది చెప్పడానికి అక్కడ టైం చాలలేదు. అది ఇక్కడ రాస్తున్నాను.

ఒక రైతుని "పంట మార్పిడి చేస్తున్నారా అన్నా?" అని అడిగితే, "ఎందుకు చెయ్యట్లేదు సార్, పోయినేడు వంగ పెట్టా, ఈ ఏడు టమాటా, వచ్చే ఏడు మిరప" అన్నారు. లెక్కకి మూడు పంటలే. మార్కెట్లో మూడు వేరు వేరు రేట్లు. కానీ మట్టిలో కూర్చున్న వడలు తెగులు బాక్టీరియాకి మాత్రం అది మూడేళ్లూ ఒకే ఇంటి భోజనం. ఆ బాక్టీరియా పేరు రాల్‌స్టోనియా సొలనేసియారమ్. వంగ కుటుంబాన్ని శాస్త్రవేత్తలు సొలనేసి అంటారు. అంటే ఎవరింటికి భోజనానికి వస్తుందో దాని పేరులోనే రాసి ఉంది. పొద్దున పచ్చగా ఉన్న మొక్క మధ్యాహ్నానికి ఆకులు వేలాడేస్తుంది, రెండు మూడు రోజుల్లో పచ్చగానే చచ్చిపోతుంది. అనుమానం ఉంటే కాండాన్ని మొదట్లో కోసి, ఆ ముక్కని గాజు గ్లాసులో నీళ్లలోకి వేలాడదీయండి. కాసేపటికి కోసిన చోటు నుంచి తెల్లటి దారంలా, పొగలా కిందికి దిగితే అదే.

రసాయన వ్యవసాయం చేసేవాళ్లు దీనికి ఏదో ఒక మందు వెతుక్కుంటారు, అదీ పెద్దగా పని చెయ్యదనుకోండి. మనకి ఉన్న గట్టి ఆయుధం పంట మార్పిడే. ఆ ఆయుధాన్ని కుటుంబం తెలీకుండా వాడితే గాల్లో కర్ర తిప్పినట్టే. ఘనజీవామృతం వేశాం, ద్రవజీవామృతం పోశాం, ఇంకేం కావాలి అనే మాట చాలా చోట్ల వింటున్నాను. నేల బలపడుతుంది, నిజమే. కానీ ఒకే కుటుంబాన్ని ఒకే మడిలో ఏటేటా పెట్టుకుంటూ పోతే వచ్చే నష్టాన్ని జీవామృతం పూడ్చేస్తుందంటే నేను ఒప్పుకోను. శిక్షణల్లో కషాయాల పేర్లు, కొలతలు బట్టీ పట్టిస్తున్నారు. మొక్కని చేతిలో పట్టుకుని చూడటం మాత్రం నేర్పడం లేదు. నా దృష్టిలో ఈ వరస తిరగబడాలి.

ఇంతకీ వంగ కుటుంబాన్ని పట్టుకోవడం ఎలా? వంటింట్లో మొదలుపెట్టండి. గుత్తి వంకాయకి ముచ్చిక తీయకుండా కాయని చీలుస్తాం కదా, ఆ ముచ్చికే గుర్తు. పువ్వు కింద ఉండే ఆకుపచ్చ రక్షక పత్రాలు పువ్వు రాలిపోయినా రాలవు, కాయకి టోపీలా మిగిలిపోతాయి. టమాటా నెత్తి మీద నక్షత్రంలా ఉండేదీ అదే, మిరపకాయ తొడిమ దగ్గర గిన్నెలా ఉండేదీ అదే. గట్ల మీద మొలిచే బుద్దబూసరలో అదే టోపీ ఉబ్బి, కాయ మొత్తాన్నీ కాగితపు బుడ్డలా కప్పేస్తుంది. తర్వాత పువ్వు చూడండి. రేకులు విడివిడిగా ఉండవు, మొదట్లో అతుక్కుని ఐదు కొనల నక్షత్రంలానో, ఉమ్మెత్తలో లాగా పొడుగాటి గరాటులానో ఉంటాయి. ఎన్ని కొనలో సాధారణంగా అన్ని కేసరాలు. వంగలో, టమాటాలో అవి పసుప్పచ్చగా మధ్యలో గుంపుగా నిలబడతాయి, మిరపలో కాస్త నీలం ఛాయలో ఉంటాయి. ఇక కాయని అడ్డంగా కొయ్యండి. గింజలన్నీ మధ్యలో ఉన్న కండ మీద గుంపుగా అతుక్కుని ఉంటాయి. టోపీ, అతుక్కున్న రేకులు, మధ్య కండ మీద గింజలు. ఈ మూడూ కలిస్తే అది వంగ కుటుంబం.

ఈ చూపు వచ్చాక గట్టు మీదికి వెళ్లి చూడండి. కామంచి, వాకుడు, ఉమ్మెత్త, పెన్నేరు, బుద్దబూసర, అన్నీ ఈ ఇంటివే. మడిలో పంట మార్చి గట్టు మీద కామంచిని వదిలేస్తే తెగులుకి ఇంటి తాళం మనమే ఇచ్చినట్టు. టమాటా తీసేశాక కనీసం మూడేళ్లు ఆ మడిలో ఈ కుటుంబం కనపడకూడదు, గట్టు మీదా కనపడకూడదు. మధ్యలో జొన్న, మొక్కజొన్న, సజ్జ లాంటివి రావాలి. కామంచి కూర తినేవాళ్లు ఉంటారు, వాళ్లు దాన్ని ఇంటి పెరట్లో పెంచుకుంటే సరి.

ఇక్కడ ఒక మాట ఎదురొస్తుంది. "మా తాతలకి ఈ కుటుంబాలు తెలుసా? వాళ్లు పండించలేదా?" అని. పండించారు. కానీ వాళ్ల తాతల తాతలకి టమాటా లేదు, మిరప లేదు, బంగాళాదుంప లేదు, పొగాకు లేదు. ఇవన్నీ అమెరికా ఖండాల నుంచి ఓడల్లో వచ్చినవి, పోర్చుగీసు వాళ్లు మన తీరాలకి రావడం మొదలయ్యాకే మన నేల తొక్కాయి. అప్పటిదాకా మన కూరగాయల మడిలో ఈ కుటుంబం నుంచి ప్రధానంగా వంకాయే ఉండేది. పైగా పాత మెట్ట సేద్యంలో జొన్నలో కంది, సజ్జలో పెసర ఇలా వేసేవాళ్లు. గడ్డి కుటుంబం పక్కన చిక్కుడు కుటుంబం. పేరు పెట్టకపోయినా కుటుంబం మార్చే వేశారు. కందిలో జొన్న కలిపి వేస్తే కంది ఎండు తెగులు తగ్గుతుందని తర్వాత పరిశోధనల్లోనూ తేలింది. "అపరాలు" అనే మాట చూడండి. పెసర, మినుము, కంది, ఉలవ, అలసంద, అన్నింటినీ ఒక్క మాటలో కట్టేశారు. అంతకంటే మంచి కుటుంబం పేరు ఏముంది?

అపరాల సంగతి వచ్చింది కాబట్టి నవధాన్యాల దగ్గరికి వద్దాం. వానలకి ముందు విత్తే మిశ్రమంలో ఎన్ని రకాలు వేశారంటే గర్వంగా అంకె చెబుతారు. విప్పి చూస్తే పెసర, మినుము, అలసంద, ఉలవ, పిల్లిపెసర, జనుము, జీలుగ, చిక్కుడు. ఎనిమిది రకాలు, ఒక్క కుటుంబం. నత్రజనికి మంచిదే, కాదనను. కానీ వేర్లు రకరకాల లోతుల్లోకి వెళ్లాలి, రకరకాల సూక్ష్మజీవులకి తిండి దొరకాలి అని కదా ఈ మిశ్రమం వేసేది. అందుకే రకాలు లెక్కపెట్టే బదులు కుటుంబాలు లెక్కపెట్టండి. ఈ ఎనిమిదిలో నాలుగు తీసేసి కొర్ర, సజ్జ, నువ్వు, ఆముదం, ధనియాలు, ఆవాలు, తోటకూర, పొద్దుతిరుగుడు తలా గుప్పెడు వెయ్యండి. ఏడు కుటుంబాలు కొత్తగా వచ్చి చేరతాయి. (కొర్ర, సజ్జ రెండూ గడ్డి కుటుంబమే, అందుకే ఎనిమిది అనలేదు.)

చిక్కుడు కుటుంబాన్ని గుర్తుపట్టడం అందరికీ తెలిసినట్టే ఉంటుంది గానీ చిన్న మెలిక ఉంది. కాయ రెండు అంచుల వెంబడి విచ్చుకునే తొడుగు, గింజలు లోపల ఒక అంచుకే వరసగా అతుక్కుని ఉంటాయి. ఆకు చాలావాటిలో మూడుగానో, ఈకలాగానో చీలి, మొదట్లో చిన్న ఉబ్బు ఉంటుంది. పువ్వు సీతాకోకచిలుకలా, పైన ఒక పెద్ద జెండా రేక, పక్కన రెండు రెక్కలు, కింద పడవలా అతుక్కున్న రెండు. జనుము పువ్వులో ఇది పెద్దగా, స్పష్టంగా కనిపిస్తుంది. అయితే తంగేడు పువ్వు తీసుకోండి. ఐదు పసుపు రేకులు విడివిడిగా, జెండా లేదు, పడవ లేదు. అయినా కాయ చూస్తే ఈ కుటుంబమే. మరి తంగేడు వేరు పీకి చూస్తే నత్రజని బుడిపెలు ఉండవు. జనుము వేరు మీద ఉంటాయి, గోటితో చీలిస్తే లోపల గులాబీ రంగు కనిపిస్తుంది, అంటే అవి పని చేస్తున్నట్టు. తంగేడు రొట్ట మంచి ఆకు ఎరువే, కోసి వెయ్యండి. కానీ అది గాల్లో నత్రజనిని పట్టి ఇస్తుందనుకుని గట్లనిండా పెంచితే ఆ పని జరగదు. గ్లైరిసీడియా పెంచండి, అది పట్టి ఇస్తుంది.

పత్తి రైతులకి బెండ కుటుంబం ముఖ్యం. మందార పువ్వు మధ్యలో ఒక గొట్టం, దాని చుట్టూ కేసరాలు అతుక్కుని ఉంటాయి కదా, పత్తి పువ్వులోనూ అదే గొట్టం, బెండలోనూ, గోంగూరలోనూ అదే. ఆకు నలిపితే జిగురు, కాండం తొక్క లాగితే నార. పక్కనే ఉన్న తుత్తురు బెండ కలుపు మొక్క కూడా ఈ ఇంటిదే. మచ్చల కాయతొలిచే పురుగు, ఎర్రనల్లి కాదు, ఎర్రగా ఉండే పత్తి నల్లి పురుగు, ఇవి ఈ ఇంట్లోనే గదులు మారతాయి. అందుకే పత్తి చేనులో బెండని ఎర పంటగా గట్టు చుట్టూ వేస్తారు. అదే బెండని పత్తి తీసిన మడిలో పంట మార్పిడి అని వేస్తే ఎర మనమే అయిపోతాం. చుట్టం ఒకరే, ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియాలి. పత్తి వెయ్యబోయే పొలంలో నవధాన్యాల్లో గోంగూర, బెండ విత్తనాలు నేనైతే కలపను.

దోస కుటుంబం సులువు, నులితీగలు, గరుకు ఆకు, ఆడ పువ్వు కింద ముందే పిందె. చెప్పేదేం లేదు.

ఇప్పుడు కలుపు. కలుపు మందు కొట్టని మనకి గడ్డికీ తుంగకీ తేడా తెలియకపోతే కూలి డబ్బులు రెండుసార్లు ఖర్చు. కాండాన్ని వేళ్ల మధ్య పెట్టి దొర్లించండి. గుండ్రంగా దొర్లి, కణుపులు చేతికి తగిలితే గడ్డి. మూడు అంచులు తగిలి, కణుపులు లేకుండా నున్నగా ఉంటే తుంగ. తుంగకి ఆకులు మూడు వరసల్లో వస్తాయి, గడ్డికి రెండు వరసల్లో. ఎందుకు ఇంత పట్టింపు అంటే, తుంగని పైన పీకితే కింద గొలుసులా ఉన్న గడ్డలు ఒక్కొక్కటీ మళ్లీ మొలుస్తాయి. దాన్ని ఓడించేది నీడ. జనుము, అలసంద దట్టంగా వేసి నేల కనపడకుండా కప్పేస్తే తుంగ నీరసించిపోతుంది. గరిక మీద రోటవేటర్ తిప్పారనుకోండి, ముక్కముక్కా కొత్త మొక్క. అది గడ్డి కుటుంబం, ప్రతి కణుపూ వేరు వెయ్యగలదు. ఇక వరిలో ఊద. ఇద్దరూ గడ్డి కుటుంబమే కాబట్టి చిన్నప్పుడు కవలల్లా ఉంటారు. ఆకు కాండాన్ని పట్టుకున్న చోట మెల్లగా వెనక్కి వంచండి. వరికి అక్కడ పలచటి తెల్లటి నాలుక, పక్కన చెవుల్లాంటి చిన్న కొమ్ములు ఉంటాయి. ఊదకి ఏమీ ఉండవు, ఖాళీ. కలుపు తీసే ఆడవాళ్లకి ఇది చేతి అలవాటు, మనం కెమెరా పట్టుకుని తిరిగేవాళ్లమే కొత్తగా నేర్చుకోవాలి.

పేర్లని మాత్రం నమ్మకండి. వయ్యారిభామని చాలామంది క్యారెట్ గడ్డి అంటారు. అది క్యారెటూ కాదు, గడ్డీ కాదు. లేత ఆకు చూస్తే క్యారెట్‌లా ఉంటుంది, అంతే. పువ్వు విప్పితే బయటపడుతుంది: ఒక్క తెల్ల పువ్వు అనుకునేది నిజానికి బోలెడు చిన్న పువ్వుల కట్ట. బంతి, చామంతి, పొద్దుతిరుగుడు, గడ్డిచామంతి, గుంటగలగర, అందరిదీ ఇదే తీరు. వయ్యారిభామని తినడానికి మెక్సికో నుంచి తెచ్చిన పెంకు పురుగుని 1984లో బెంగళూరులో వదిలారు. కొన్నేళ్లకి అది పొద్దుతిరుగుడు ఆకుల మీద కూడా కనపడిందని పెద్ద కలవరం రేగింది. కుటుంబం తెలిసినవాడికి ఆ భయం ఎక్కణ్నుంచి వచ్చిందో వెంటనే అర్థమవుతుంది. అలాగే వాము, వామాకు. పేరు ఒకటే, వాసనా ఒకటే. వాము కొత్తిమీర కుటుంబం, పువ్వులు గొడుగులా విచ్చుకుంటాయి. వామాకు తులసి కుటుంబం, ఆకులు ఎదురెదురుగా, పువ్వు పెదవుల్లా విచ్చుకుంటుంది. మిత్ర పురుగుల కోసం పూలు కావాలంటే వాము, ధనియాలు, సోంపు పూతకి వదలండి. ఆ చిన్న చిన్న గొడుగు పూలలో తేనె పైకే ఉంటుంది, చిన్న నోరున్న పరాన్నజీవి కందిరీగలకీ, అక్షింతల పురుగులకీ అందుతుంది.

ఒక్క గుర్తు చూసి తీర్పు ఇవ్వకండి, ఇది మాత్రం గట్టిగా చెబుతాను. కాండం నలుపలకలుగా ఉంటే తులసి కుటుంబం అని ఒక వీడియోలో చెప్పేశారు. అత్తాకోడళ్ల పువ్వు కంప కాండం కూడా నలుపలకలే, ఆకులు ఎదురెదురే, నలిపితే ఘాటు వాసనే. కానీ అది వేరే ఇల్లు. తులసి ఎండు వెన్ను నలిపితే ఒక్కో గిన్నెలో నాలుగు చిన్న గింజలు వస్తాయి, కంపకి రసం ఉన్న నల్ల పళ్లు కాస్తాయి. లిన్నేయస్ అంతటి మహానుభావుడే పువ్వులో కేసరాలు లెక్కపెట్టి మొక్కల్ని తరగతులు చేస్తే, సంబంధం లేనివన్నీ ఒక గదిలో చేరాయి. 1789లో జుస్సియూ అనే ఫ్రెంచి ఆయన అనేక లక్షణాలు కలిపి చూసి కుటుంబాలు కట్టాకే దారి సరిగ్గా పడింది. ఫోన్ యాప్‌లు ఇంకా ఒక ఫోటోతో పేరు చెప్పేస్తున్నాయి. పేరు ఒప్పయినా, ఆ మొక్క మన మడిలో ఎవరికి చుట్టమో చెప్పకపోతే మనకి సగం పనే అయింది.

అన్నింటికంటే నన్ను కలవరపెట్టేది కషాయాల దగ్గర అజాగ్రత్త. "ప్రకృతిలోదే కదా, ఏం కాదు" అనే మాట. పది ఆకుల్లో ఉమ్మెత్త ఉంటుంది, గన్నేరు ఉంటుంది, జిల్లేడు ఉంటుంది. ఉమ్మెత్త వంగ కుటుంబంలో విషం ముదిరినది. దాని రసం అంటిన చేత్తో కన్ను నలుపుకుంటే కనుపాప పెద్దదై చూపు మసకబారుతుంది, గింజలు పిల్లల నోట్లోకి వెళ్తే ప్రాణం మీదికి వస్తుంది. గన్నేరు, జిల్లేడు, నందివర్ధనం, బిళ్లగన్నేరు ఒక ఇల్లు. వీటిలో చాలావాటికి గిల్లితే పాలు, గన్నేరు, నందివర్ధనం లాంటివాటిలో రేకులు గాలిపంకాలా ఒకవైపు తిరిగి ఉంటాయి. గన్నేరులో అన్ని భాగాలూ విషమే, గొడ్డు నాలుగు ఆకులు నమిలినా ప్రమాదం. జిల్లేడు పాలు కంట్లో పడితే నల్లగుడ్డు దెబ్బతింటుంది. ఈ ఆకులు దంచేది ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్లే. చేతి తొడుగులు లేకుండా, వంట గిన్నెలోనే మరిగించే ఇళ్లు ఉన్నాయి. పాలు కారే మొక్క, పంకా లాంటి పువ్వు అని తెలిసినవాళ్లు తెలియని ఆకుని "ఇది కూడా చేదే కదా" అని గిన్నెలో పడెయ్యరు. గుర్తుపట్టడానికి రుచి చూడటం అనే పద్ధతి దయచేసి మానెయ్యండి.

పొగాకు విషయం కూడా ఇక్కడే. పొగాకు, టమాటా, మిరప ఒక కుటుంబం. పొగాకు మొజాయిక్ వైరస్ ఎండిన ఆకులో కూడా చాలా కాలం బతికి ఉంటుంది. చుట్ట నలిపిన చేత్తో, బీడీ ఆర్పిన చేత్తో టమాటా నారు ముట్టుకోకండి, సబ్బుతో కడుక్కోండి. అగ్ని అస్త్రంలో వేసే పొగాకుని పచ్చిగా నానబెట్టి మిరప మీద కొట్టే అడ్డదారులు వద్దు, బాగా మరిగించాల్సిందే.

అలాగని కుటుంబం తెలిస్తే అన్నీ తెలిసినట్టు కాదు. తెల్లదోమకి కుటుంబ భేదం లేదు. శనగపచ్చ పురుగు శనగా తింటుంది, పత్తీ తింటుంది, టమాటా కాయకీ కన్నం పెడుతుంది. వేరు బుడిపెల నులిపురుగు వంగ నుంచి బెండకి, బెండ నుంచి దోసకి హాయిగా వెళ్తుంది, అక్కడ కుటుంబం మార్చినా సరిపోదు, బంతి వేసి, గడ్డి జాతి పంట తిప్పాలి. వడలు తెగులు కూడా వేరుశనగ, అల్లం దాకా వెళ్లగలదు. కాబట్టి ఇది తలుపు గొళ్లెం లాంటిది, అన్ని దొంగల్నీ ఆపదు. కానీ గొళ్లెం కూడా పెట్టకుండా కాపలా గురించి మాట్లాడుకోవడం ఎందుకు?

నేర్చుకోవడం కష్టమేమీ కాదు. లాటిన్ పేర్లు అక్కర్లేదు, పది కుటుంబాలు వస్తే పొలంలో చాలావరకు పట్టుకోవచ్చు. బతుకమ్మ పేర్చేటప్పుడు పళ్లెంలోనే నాలుగు ఉంటాయి: తంగేడు, గునుగు, బంతి, గుమ్మడి పువ్వు. తంగేడుది చిక్కుడు ఇల్లు, గునుగుది తోటకూర ఇల్లు. పిల్లల చేత బంతి పువ్వు విప్పించండి, ఒక్కో రేక కింద ఒక్కో గింజ చూసి వాళ్లే ఆశ్చర్యపోతారు. కూరగాయలు తరిగేటప్పుడు ఒక్కటి అడ్డంగా కోసి చూడండి. సొరకాయ, బెండకాయ, టమాటా, చిక్కుడుకాయ పక్కపక్కన పెడితే నాలుగు ఇళ్ల ప్లాన్లు కనిపిస్తాయి.

మీ గట్టు మీద మొక్క ఏ కుటుంబమో తెలియకపోతే నాకు పంపండి, కానీ దూరం నుంచి తీసిన ఒక్క ఫోటో వద్దు. పువ్వు ఎదురుగా ఒకటి, పక్క నుంచి కింది టోపీ కనపడేలా ఒకటి. ఆకులు కాండం మీద ఎలా అమరాయో కనపడేలా ఒకటి. కాయ ఉంటే అడ్డంగా కోసింది. గిల్లితే పాలు వచ్చాయా, నలిపితే వాసన ఎలా ఉందో ఒక ముక్క రాయండి, ఆ తర్వాత చేతులు కడుక్కోండి.